ముందు గెంతు కుదరనీ, అల్లుడూ

పర్లాకిమిడి

అల్లుడూ,

నువ్వు చేస్తున్న వీడియో గేమ్ కోసం గీసి పంపిన బొమ్మలన్నీ చూశాను. కోట గోడలు, మహేంద్రతనయ మీద వంతెన, చిన్న చిన్న గళ్లతో భలే గీశావు. గుణుపురం హాస్టల్లో కూర్చుని ఇన్ని గీశావంటే చదువు సంగతేమిటని నేను అడగను, ఆ పని మీ అమ్మ చూసుకుంటుంది. నాకు మింగుడుపడనిది ఒకటే. "పాతకాలం ఆటలా కనిపిస్తే చాలు మావయ్యా, జ్ఞాపకాల మీదే అమ్ముడైపోతుంది" అని రాశావు. ఎవరి జ్ఞాపకాల మీదరా? నీ క్లాసులో ఎంతమంది టీవీకి తగిలించే ఆ పాత ఆటల పెట్టె చూసుంటారు? పాత తీరులో కొత్తగా చేసిన ఆటలు చూడు, షవల్ నైట్ 2014లో వచ్చింది, సెలెస్ట్ 2018లో. వాటి కోసం నిద్ర మానుకున్న పిల్లల్లో బోలెడుమంది 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చేనాటికి పుట్టనేలేదు. పాత బొమ్మ వాళ్లని ఒకసారి తొంగి చూసేలా చేస్తుంది, అంతే. కుర్చీలో కూర్చోబెట్టేది గెంతు.

బస్టాండు దగ్గర నేను వీడియో గేమ్ షాపు నడిపిన సంగతి నీకు తెలుసు. చవక పెట్టెలు, పసుపు కేసెట్లు, గంటకింత అని వసూలు. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, సంతకొచ్చిన సవర పిల్లలు, పాతపట్నం నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, అందరూ ఆ టీవీల ముందే. తెర మీది ఇంగ్లీషు ముక్క ఎవడూ చదివేవాడు కాదు. అయినా ఎలా ఆడాలని నన్నడిగినవాడు లేడు.

ఎందుకో మారియో మొదటి స్టేజీ పెట్టుకుని చూడు. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ. అంటే అటు నడవాలి. నాలుగడుగులు వేయగానే పైన ప్రశ్న గుర్తు పెట్టె మెరుస్తుంది, ఎదురుగా మొహం చిట్లించుకుని ఒకడు వస్తాడు. వాడు తగిలితే చస్తావు, కానీ ఇంకా మొదట్లోనే ఉన్నావు గనక పోయేదేమీ లేదు. తర్వాత ఏదో పెట్టెకి తల తగిలి అందులోంచి పుట్టగొడుగు వస్తుంది. అది కుడివైపు జారుకుంటూ పోయి, గొట్టానికి కొట్టుకుని, మళ్లీ నీ మీదికే వస్తుంది. శత్రువేమోనని తప్పించుకోబోయినా పైన ఇటుకలు అడ్డం, చాలాసార్లు వచ్చి తగులుతుంది. మారియో పెద్దవాడైపోతాడు. అది మంచిదని ఎవరూ చెప్పక్కర్లేదు. మారియోని తయారుచేసిన మియమోటో బృందం ఆ కాస్త చోట్లో అంత ఆలోచన పెట్టింది. నువ్వేమో మొదటి తెర మీద ఇంగ్లీషులో పేరా రాశావు. తీసేయ్. పేరా లేకపోతే అర్థం కాని గది ఉంటే, ఆ గదినే మార్చు.

ఇక గెంతు. బొమ్మలన్నీ పక్కన పెట్టి, ఒక చదరపు ముక్క, రెండు అరుగులు, ఒక గొయ్యి, ఇంతే పెట్టుకుని కొన్నాళ్లు గెంతుతూ ఉండు. బటన్ తట్టి వదిలితే పొట్టి గెంతు, నొక్కి పట్టుకుంటే ఎత్తు గెంతు రావాలి. పైకి వెళ్లేటప్పటికంటే కిందికి దిగేటప్పుడు కాస్త వేగం ఉండాలి, లేకపోతే గాలిపటంలా తేలుతున్నట్టుంటుంది. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక నొక్కినా రెప్పపాటు సేపు గెంతనివ్వు. సెలెస్ట్‌లో ఆ వెసులుబాటు సెకనులో పదో వంతు. అలాగే నేలకి తగలకముందే తొందరపడి నొక్కినవాడి నొక్కుడు గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే గెంతించు. ఆడేవాడికి ఇవేవీ కనపడవు. తన చెయ్యి తిరిగిందనే అనుకుంటాడు, అనుకోనీ.

షాపులో కూర్చుని నేను గమనించింది చెప్తాను. "నొక్కాను, గెంతలేదు" అన్నవాడు రిమోట్ నేలకేసి కొట్టి వెళ్లిపోయేవాడు. "ఛ, లేటుగా నొక్కాను" అన్నవాడు జేబు తడుముకుని ఇంకో గంటకి కూర్చునేవాడు. చచ్చినప్పుడు తప్పు తనదేనని ఆడేవాడికి తెలిసిపోవాలి. తెలిసిందా, ఆట ఎంత కష్టమైనా పెట్టుకో.

పాతదంతా బంగారం అనుకుని మాత్రం పొరపడకు. మూడు ప్రాణాలు, అవి అయిపోతే మళ్లీ మొదటికి, ఇదంతా నాణేలు మింగే మిషన్ల నాటి అలవాటు. పైగా కేసెట్లో చోటు తక్కువ. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లే, ఆకాశంలో మేఘం, నేల మీద పొద ఒకటే బొమ్మ, రంగే తేడా. ఆట చిన్నదయ్యేసరికి కష్టం పెంచి సాగదీసేవాళ్లు. మన దగ్గర దానికి తోడు కరెంటు కోతలు. ఆఖరి స్టేజీలో కరెంటు పోతే పిల్లాడి మొహం చూడలేకపోయేవాణ్ణి. ముప్పై ప్రాణాల కోడ్ కొట్టకుండా కాంట్రా అనే తుపాకుల ఆట పూర్తి చేసినవాణ్ణి నా షాపులో నేనెరగను.

కొత్తగా చేసినవాళ్లు ఈ బాధలే తీసేశారు. సూపర్ మీట్ బాయ్‌లో చావగానే మళ్లీ మొదలు, ఏడవడానికి టైమే ఉండదు. సెలెస్ట్‌లో చస్తే పోయేది ఆ ఒక్క గదే. అంతకీ రాకపోతే ఆట వేగం తగ్గించుకోవచ్చు, చావే లేకుండా చేసుకోవచ్చు. దాన్ని చూసి వెక్కిరించకు, నీ ఆటలోనూ పెట్టు, నాకూ వేళ్లు మునుపటిలా లేవు. షవల్ నైట్‌వాళ్లు మారియో నడిచిన పాత నింటెండో పెట్టె రంగుల లెక్కని చాలావరకు పాటించారు గానీ తెర వెడల్పు చేశారు. ఒకే వరుసలో ఎనిమిది బొమ్మలు దాటితే ఆ పాత పెట్టెలో మినుకుమినుకుమనేది, ఆ మినుకు వదిలేశారు. అందులో నాకు మహా నచ్చింది చచ్చాక మళ్లీ మొదలయ్యే చోటు, అంటే చెక్‌పాయింట్. దాన్ని పగలగొట్టి బంగారం పట్టుకుపోవచ్చు, కానీ తర్వాత చస్తే ఇంకా వెనక్కి పోవాల్సిందే. భయస్థుడికి ఒక దారి, ఆశపోతుకి ఒక దారి. ఇలాంటిదొకటి ఆలోచించు, కోట గోడలు మళ్లీ గీయొచ్చు.

పెద్ద సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకుని టెన్షన్ పడకు. చిన్న ఆటలు చేసుకునే పికో-8 అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో తెర 128 గళ్లకి 128, రంగులు పదహారు. అంత చిన్న చోట్లో అనవసరమైనది పెట్టాలన్నా పట్టదు. సెలెస్ట్ మొదటి రూపం అందులోనే, నాలుగు రోజుల్లో చేశారు. 2004లో వచ్చిన కేవ్ స్టోరీ అనే ఆటని ఒక్కడే అయిదేళ్లు చేశాడు. నువ్వు ముందు నాలుగు రోజులది చెయ్. బతికి ఉంటే తర్వాత అయిదేళ్లది చేద్దువు.

సెలవులకి గుణుపురం బండెక్కి వచ్చేటప్పుడు లాప్‌టాప్ మర్చిపోకు. మా వీధి పిల్లల్ని పిలుస్తాను, అందులో సగం మందికి ఒడియానే వచ్చు. వాళ్లు ఆడుతున్నంతసేపూ నువ్వు వెనక నిలబడి నోరెత్తకూడదు, "అటు గెంతు" అని కూడా అనకూడదు. ఎక్కడ చచ్చారో, ఎక్కడ లేచి వెళ్లిపోయారో కాగితం మీద రాసుకో. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య