తగ్గించిన ఈఎంఐకి బ్యాంకు ఒప్పుకోకపోతే ఏం చేయాలి? విశాఖ నుంచి మా అనుభవం

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఉద్యోగం పోయింది. వ్యక్తిగత రుణంలో ఇంకా మూడు లక్షలు మిగిలింది, వడ్డీ 14 శాతం, ఈఎంఐ 10,900. నెలకు 3,000 కడతానని అడిగితే "పూర్తి ఈఎంఐ కట్టండి, లేదంటే ఒకేసారి సెటిల్ చేసుకోండి" అని ఫోనులోనే తోసిపుచ్చారు. దీనికి తోడు క్రెడిట్ కార్డు బాకీ 80,000. ఇక ఫోన్లు ఎత్తడం మానేయాలా అని అడుగుతున్నారు. మానేయకండి. మాది గాజువాక. మావారు ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు నడిపేవారు. ఆర్డర్లు ఆగిపోయి ఈ దారి అంతా నడిచాం కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: ఇప్పుడు మీకు "కాదు" అని చెప్పిన మనిషికి "సరే" అనే అధికారం లేదు. ముందు ఆ అధికారం ఉన్నవారి దగ్గరకు మీ కాగితం చేరాలి.

ఫోను చేసేది సాధారణంగా వసూళ్ల ఏజెన్సీ ఉద్యోగి. ఈ నెల ఎంత రాబట్టాడన్నదే అతని లెక్క. మేము బ్రాంచికి వెళ్లి కూర్చుంటే మేనేజరు గారు ఓపికగానే విన్నారు, కానీ నిర్ణయం పైఆఫీసుదే అన్నారు. అసలు కారణం తర్వాత తెలిసింది. ఆర్థిక ఇబ్బంది వల్ల వాయిదా తగ్గించి కాలం పొడిగిస్తే, అప్పటిదాకా సక్రమంగా ఉన్న ఖాతానైనా మొండి బాకీగా వర్గీకరించాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. మామూలుగానైతే 90 రోజులు బాకీ పడ్డాకే ఆ ముద్ర పడుతుంది. బ్యాంకు తన చేత్తో తానే ఆ ముద్ర ముందుగా వేసుకోవడానికి ఇష్టపడదు. 2020లో కరోనా సమయంలో మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోనిచ్చారంటే, రిజర్వు బ్యాంకు దానికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. అది ఎప్పుడూ ఉండే హక్కు కాదు. అప్పిచ్చినవాడు తగ్గించిన వాయిదాకు ఒప్పుకుని తీరాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఇది చేదు నిజం, దీన్ని ఒప్పుకుంటేనే మిగతా పని సాగుతుంది.

ఇప్పుడు మీ ప్రతిపాదన చూద్దాం. మూడు లక్షలకు 14 శాతం అంటే ఒక్క నెల వడ్డీయే 3,500. మీరు ఇస్తానన్నది 3,000. అంటే మీరు క్రమం తప్పకుండా కట్టినా బాకీ పెరుగుతూనే ఉంటుంది. దాన్ని ఏ అధికారీ పైకి పంపలేడు. అదే మూడు లక్షలను ఆరేళ్లకు సర్దితే వాయిదా దాదాపు 6,180 అవుతుంది. ఇంట్లో ఎవరి సంపాదనైనా కలిపి అక్కడిదాకా రాగలరేమో చూడండి. రాలేకపోతే, మొదటి ఆరు నెలలు వడ్డీ మేరకు 3,500, ఆ తర్వాత ఇంత అని మెట్లుగా ప్రతిపాదించండి. "తగ్గించండి" అని అడిగితే దయ అడిగినట్టు ఉంటుంది. "కాలపరిమితి పెంచండి, అసలు ఇలా తీరుతుంది" అని లెక్క వేసి చూపిస్తే వాళ్లు ఫైలులో పెట్టుకోగల కాగితం అవుతుంది.

ఆ కాగితం ఒక్క పేజీ దాటనక్కర్లేదు. రుణ ఖాతా సంఖ్య, ఆదాయం ఎప్పుడు ఎందుకు పడిపోయింది, ఇప్పుడు ఇంటికి వచ్చేదెంత, అద్దె, బడి ఫీజులు, మందులు, మిగిలేదెంత, అందులో మీకు ఇవ్వగలిగేదెంత, ఏ తేదీన ఇస్తాను. ఉద్యోగం తీసేసిన ఉత్తరం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. బ్రాంచిలో ఒక ప్రతి ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఇంకో ప్రతి బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒప్పుకోకపోతే కారణం రాతలో ఇవ్వమని చివరి వాక్యంగా రాయండి. మాకూ చివరికి "సాధ్యపడదు" అనే జవాబే వచ్చింది. అయినా ఆ ఉత్తరం తర్వాత చాలా పనికొచ్చింది.

జవాబు వచ్చేదాకా ఊరకే కూర్చోకండి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. వాళ్లు ఒప్పుకోకపోయినా, మీరు కాగితంలో రాసిన మొత్తాన్ని రాసిన తేదీకే నేరుగా రుణ ఖాతాలో జమ చేయండి. ఏజెంటు చేతికి నగదు వద్దు, అతని సొంత నంబరుకు ఫోన్‌పే అసలే వద్దు. పాక్షికంగా కట్టినంత మాత్రాన మొండి బాకీ ముద్ర ఆగదు, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీర్చారో చూపే అంకె) తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆదాయం పోయినా ప్రతినెలా ఇంత కడుతూ వచ్చిన మనిషి వేరు, ఫోను ఆపేసి మాయమైన మనిషి వేరు. రేపు మీ ఫైలు ఎవరి ముందుకు వెళ్లినా ఆ జమల వరుస మీ తరఫున మాట్లాడుతుంది.

రెండు జాగ్రత్తలు. ఇంటి ఖర్చుల డబ్బు రుణమిచ్చిన బ్యాంకులోనే ఉంటే, బాకీ కింద సర్దుబాటు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. బియ్యం, గ్యాసు డబ్బులు వేరే బ్యాంకులో ఉంచండి. రెండోది, పాత ఈఎంఐ ఆటోమేటిక్‌గా కోసుకునే ఆదేశం అలాగే ఉంటే ప్రతినెలా బౌన్స్ అవుతుంది, రుసుములు పడతాయి. 2007 నాటి చెల్లింపుల చట్టం ప్రకారం అది చెక్కు బౌన్స్‌తో సమానమైన నేరంగా కేసు వేయడానికీ వీలుంది. కొత్త మొత్తానికి ఆదేశం మార్చమని ఉత్తరంలోనే అడగండి. "హామీగా సంతకం చేసిన చెక్కులు ఇవ్వండి" అంటే మాత్రం ఇవ్వకండి. అప్పు తీర్చలేకపోవడం సివిల్ వ్యవహారం, చెక్కు బౌన్స్ క్రిమినల్ కేసు. ఏజెంట్లు అడిగేది అందుకే.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే ఏ విషయం మీద అన్నది చూసుకోవాలి. "నా ప్రతిపాదన ఒప్పుకోలేదు" అని రాస్తే అది బ్యాంకు వ్యాపార నిర్ణయం అని పక్కన పెడతారు. ఉత్తరానికి జవాబే ఇవ్వలేదు, కట్టిన డబ్బు లెక్కలో చూపలేదు, అపరాధ రుసుమును అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ వేశారు, ఏజెంటు బంధువులకు ఫోన్లు చేశాడు: ఇలాంటివి రాయండి. రుసుము మీద వడ్డీ కుదరదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది, క్రెడిట్ కార్డులకు మాత్రం ఆ ఉత్తర్వు వర్తించదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోను చేయకూడదన్నది కూడా నియమమే. మీకు రాత్రి వచ్చిన ఫోన్ల తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

మాకు తలుపు తెరుచుకున్నది లోక్ అదాలత్‌లో. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇచ్చాం. కేసు కోర్టుకు వెళ్లకముందే ఇలా ఇవ్వవచ్చు, ఫీజు లేదు, 15100కి ఫోను చేసినా చెబుతారు. బ్యాంకు తరఫున వచ్చిన అధికారికి ఆ రోజు తగ్గించే అధికారం చేతిలో ఉంది. అన్ని నెలలుగా మేము వెతికిన మనిషి ఆయనే. ముద్ర వేయించుకున్న ఉత్తరం, వాళ్ల తిరస్కరణ, మా జమల కాగితాలు బల్ల మీద పెట్టాం. ఆయన మొదట అడిగినది మొత్తం ఒకేసారి. మావారు కోపం తెచ్చుకోలేదు, గొంతూ తగ్గించలేదు, ఇంతకు మించి రాసిస్తే మాట తప్పాల్సి వస్తుందని అన్నారు. అపరాధ రుసుములు, వడ్డీలో కొంత పోయి, మిగిలినది ఏడాదిన్నర వాయిదాలకు కుదిరింది. అక్కడ ఎవరూ బలవంతం చేయలేరు, నచ్చకపోతే లేచి రావచ్చు. సంతకం చేశాక మాత్రం ఆ అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు ఉండదు. అందుకని ఆ రోజు ఉత్సాహంలో పెద్ద అంకె ఒప్పుకోకండి.

కోర్టులో దావా పడితే ఏమవుతుందన్న భయం మీ మాటల్లో కనిపించింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 20వ ఆర్డరు 11వ రూలు ఉంది. డబ్బు దావాలో డిక్రీ ఇచ్చేటప్పుడు తగిన కారణం ఉంటే వాయిదాల్లో కట్టమని జడ్జి ఆదేశించగలరు, బ్యాంకుకు ఇష్టం లేకపోయినా సరే. డిక్రీ వచ్చాక అడిగితే మాత్రం అప్పిచ్చినవారి అంగీకారం కావాలి. కాబట్టి సమన్లు వస్తే తప్పకుండా హాజరై, తీర్పుకు ముందే అడగాలి. ప్రామిసరీ నోటు మీద చేబదులు ఇచ్చినవాళ్ల దావాకూ ఇదే వర్తిస్తుంది. నిజంగా లేక కట్టలేకపోతున్న మనిషిని ఆ ఒక్క కారణంతో సివిల్ జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. "ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేయండి" అని సలహా ఇచ్చేవాళ్లు మన చుట్టూ ఎప్పుడూ ఉంటారు. మూడు లక్షల బాకీకి ఆ దారి పట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

ఒకేసారి సెటిల్‌మెంట్, అంటే తగ్గించిన మొత్తం ఒకేసారి కట్టి అప్పు ముగించుకోవడం, దాని గురించి కూడా అడిగారు. పెద్ద మొత్తం చేతిలో ఉంటేనే ఆలోచించండి, దాని కోసం ఇంకొకచోట అప్పు చేయకండి, ఇంట్లోవాళ్ల బంగారం తాకట్టు పెట్టకండి. సెటిల్ చేసుకుంటే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు. అదే సంస్థ నుంచి కొత్త అప్పు కనీసం 12 నెలల దాకా రాదు. మొత్తం, చివరి తేదీ, ఖాతా సంఖ్య ఉన్న ఉత్తరం బ్యాంకు లెటర్‌హెడ్ మీద చేతికి వచ్చాకే డబ్బు కట్టండి, కట్టాక బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి.

కార్డు సంగతి మాత్రం ఈ వారమే చూడండి. దాని వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకున్నా 80,000 మీద 2,800 అవుతుంది, మీ వ్యక్తిగత రుణం వడ్డీకి దగ్గరగా! ఖాతా మొండి బాకీ కాకముందే మిగిలిన మొత్తాన్ని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని రాతలో అడగండి. కార్డుల విభాగం దీనికి వ్యక్తిగత రుణాల వాళ్లకన్నా తేలికగానే ఒప్పుకోవచ్చు. ఆ అంకె తేలాక, మిగిలే డబ్బును బట్టి రుణం ఉత్తరంలో ఎంత రాయాలో నిర్ణయించుకోండి. మీ నెల ఖర్చుల లెక్క ఇక్కడ రాస్తే ఉత్తరం చిత్తుప్రతి నేను రాసి ఇస్తాను.