బెయిలొచ్చినా జైల్లోనే...

ప్రశ్న: దొంగతనం కేసులో మా తమ్ముడికి బెయిలిచ్చి పది రోజులైంది. ఇద్దరు జామీనుదారులు దొరక్క సబ్‌జైల్లోనే ఉన్నాడు. ఏం చేయాలి?

జవాబు: పేదవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడేనమ్మా. బెయిలిచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలియజేశారో లేదో ములాఖత్‌కు వెళ్లినప్పుడు గట్టిగా అడగండి. న్యాయసేవా సంస్థల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే ఉచితంగా లాయరును ఇప్పిస్తారు. జామీను షరతులు సడలించమని ఆ లాయరుతో అదే కోర్టులో పిటిషన్ వేయించండి. నెల దాటితే కోర్టే స్వయంగా షరతులు మార్చే విషయం పరిశీలించవచ్చు. జామీనుకు ఒకరు దొరికినా, ఆ ఒక్కరితోనే విడిచిపెట్టమని పిటిషన్‌లో అడగవచ్చు. డబ్బు తీసుకుని జామీను నిలబడతామనే బ్రోకర్లను మాత్రం నమ్మొద్దు. పత్రాలు నకిలీవని తేలితే మళ్లీ జైలే.