బాగా రాసినా ఫైనే, లేటయినా ఫైనేనా?

ప్రశ్న: మావాడు ఆరో తరగతి. హోంవర్క్ నోట్సులో టీచరు 'ఫైన్' అని రాసి సంతకం పెట్టారు. అదే వారం ఫీజు ఆలస్యమైందని రశీదులో 'ఫైన్ రూ. 50' అని వేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని "బాగా రాసినా ఫైనే, లేటయినా ఫైనేనా నాన్నా?" అని అడిగాడు. ఏం చెప్పను?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెండూ వేరే మాటలు, స్పెల్లింగు ఒకటైందంతే అని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నానండీ. కాదు, ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో 'ఫీనిస్' అంటే చివర, హద్దు. ఫినిష్, ఫైనల్ కూడా అక్కడివే. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి చెరో దారీ పట్టింది.

జరిమానా దారి ముందు చెప్తాను, కథంతా అందులోనే ఉంది. పాతకాలపు ఇంగ్లండులో పొలం తగువు రాజుగారి కోర్టులో రాజీ అయితే ఆ రాజీనే 'ఫైన్' అనేవారు, అంటే ఇక్కడితో సరి అని. ఒకే తోలు మీద ఆ ఒప్పందాన్ని మూడుసార్లు రాసి, వంకరటింకరగా కోసి, చెరో ముక్కా ఇద్దరికిచ్చి, అడుగు ముక్క కోర్టు దాచుకునేది. రేపెవరైనా దొంగ కాగితం తెస్తే ముక్కలు కలిపి చూస్తే చాలు, వంపు కుదరదు. 1195లో మొదలైన ఈ అడుగు ముక్క దాచే పద్ధతి 1833లో చట్టం చేసి ఆపేదాకా నడిచింది. "ఇదే ఆఖరి ఒప్పందం" అనే మాటతోనే ఆ పత్రం మొదలయ్యేది. పేచీ తెగ్గొట్టుకోవడానికి కట్టే సొమ్ముకీ అదే పేరు పడింది, పోనుపోను అది శిక్షగా కట్టేదైంది. ఫైనాన్స్ కూడా ఈ ఇంటిదే, బాకీ తీర్చడం అన్న అర్థంలోంచి వచ్చింది. కిస్తీ ఆలస్యమైతే ఫైనాన్స్ వాళ్ళు ఫైన్ వేస్తారు చూశారా, చుట్టాలు చుట్టాలే!

మన ఊళ్ళలో పెద్దమనుషులు కూర్చుని 'తప్పు వేశారు', వాడు 'తప్పు కట్టాడు' అనేవారు. చేసిందీ తప్పే, కట్టిందీ తప్పే. పరీక్ష ఫీజు ప్రకటనల్లో వచ్చే 'అపరాధ రుసుము' కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

ఇక టీచరు రాసిన ఫైన్. చివరిదాకా చేశాడు, ఇంకేం మిగల్లేదు అంటే పని బాగా కుదిరినట్టే కదా. మనం తుదిమెరుగులు దిద్దడం అనమూ, అలాగే. అక్కడినుంచి మలినం లేనిది అనే అర్థానికి జరిగింది. నగ మీద 916 ముద్ర ఉంటే వెయ్యి పాళ్ళలో 916 బంగారమని, అంటే 22 క్యారెట్లు. ఆ అంకెని ఇంగ్లీషులో ఫైన్‌నెస్ అనే అంటారు. ఇంకాస్త జరిగి మెత్తనిది, సన్ననిది కూడా ఫైనే అయింది. బియ్యం బస్తా మీద 'సూపర్ ఫైన్' అని ఉంటే బ్రహ్మాండం అని కాదండీ, గింజ సన్నమని. 2025 ఉగాదికి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం మొదలైనప్పుడు ఇంగ్లీషు పేపర్లు దాన్ని ఫైన్ రైస్ అనే రాశాయి.

మీవాడికి ఇదంతా ఎందుకుగానీ, మన 'తీరు' చూపించండి. బాకీ తీరింది, తగువు తీరింది అంటే అయిపోయిందని. ముగ్గు తీరుగా ఉంది అంటే అందంగా ఉందని. వాడికి వెంటనే ఎక్కుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి డల్లాస్ వచ్చాను. పక్కింటావిడ పిలిస్తే వెళ్ళాం. ఆవిడ కాఫీ కప్పు చేత్తో పట్టుకుని ఏదో అడిగింది. కుశలం అడిగిందనుకుని "ఐయామ్ ఫైన్" అన్నాను. కప్పు తీసుకెళ్ళి మళ్ళీ అల్మరాలో పెట్టేసింది. నేనేం తప్పన్నాను?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పేం అనలేదమ్మా, వద్దన్నారు. ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు ఐయామ్ ఫైన్ అంటే "నాకేం వద్దు" అని మర్యాదగా చెప్పడం. మనకీ ఉంది ఈ అలవాటు. ఎలా ఉన్నారంటే "పర్లేదండీ", కాఫీ తాగుతారా అన్నా "పర్లేదండీ". తేడా ఏంటంటే, మనింట్లో పర్లేదన్నవాళ్ళకి కూడా కాఫీ వచ్చి తీరుతుంది, రెండోసారీ మూడోసారీ అడుగుతాం. అక్కడ చాలామంది రెండోసారి అడగరు, అడిగితే బలవంతపెట్టినట్టని వాళ్ళ భయం. ఈసారి "ఎస్, ప్లీజ్" అనెయ్యండి, మొహమాటపడకండి.

అన్నట్టు, మీ అమ్మాయి వాట్సాప్‌లో 'ఫైన్' అని ఒక్క ముక్క రాసి, చుక్క పెట్టి ఊరుకుందంటే మాత్రం ఫైన్‌గా లేదని అర్థం. మనవాళ్ళు పళ్ళు బిగించి "సరే" అంటారే, అది.

ప్రశ్న: క్రికెట్‌లో ఫైన్ లెగ్ ఏమిటి? అక్కడ నిలబడ్డవాడు సన్నగా ఉండాలా?
- ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఎంత లావుగా ఉన్నా నిలబడొచ్చు బాబూ, బంతి ఆపితే చాలు. సన్నగా ఉండేది కోణం. రెండు వైపుల వికెట్లనీ కలుపుతూ గీత గీసి బ్యాటర్ వెనక్కి పొడిగించు. లెగ్ వైపు ఆ గీతకి దగ్గరగా నిలబడితే ఫైన్ లెగ్, గీతకి అడ్డంగా, బ్యాటర్‌కి పక్కగా నిలబడితే స్క్వేర్ లెగ్. ఫీల్డర్‌ని "ఇంకొంచెం ఫైన్‌గా వెళ్ళు" అన్నారంటే గీత వైపు జరగమని.