కారు లేకుండా కొండ దారులు నడవాలనుకుంటున్న అమ్మాయికి

అమ్మలూ,

కారు లేదు కాబట్టి ట్రెక్కింగ్ మనకి కుదరదేమో అని రాశావు. నన్నడిగితే కారున్న వాళ్లకే ఇబ్బంది ఎక్కువ. పొద్దున ఎక్కడ పార్క్ చేశారో సాయంత్రం చచ్చినట్టు అక్కడికే రావాలి. దారి ఎంత బాగున్నా సగంలో వెనక్కి తిరగాలి, లేదంటే చుట్టి వచ్చే దారి వెతుక్కోవాలి. బస్సులో వెళ్తే ఆ గొడవే లేదు. ఒక ఊళ్లో దిగి, గుట్ట దాటి, అవతలి లోయలో ఇంకో బస్సు ఎక్కేయొచ్చు. నడిచిన దారే మళ్లీ నడవక్కర్లేదు. కాకపోతే ఆ రోజంతా బస్సు టైం చెప్పినట్టు వినాలి. అది ఒప్పుకుంటే మిగతాదంతా తేలికే.

ప్లాన్ ఎప్పుడూ వెనక నుంచి వెయ్యి. ముందు తిరుగు బస్సులు చూడు. చివరి బస్సు ఎప్పుడో రాసుకుని, అది లేదనే అనుకో. దాని ముందుదే నీ బస్సు. చివరిది కాలు బెణికితేనో దారి తప్పితేనో పనికొచ్చేది.

రెండోది ఇంకా ముఖ్యం. చాలామంది పెద్ద రోడ్డు మీద దిగి లోపలి పల్లె వైపు నడుస్తారు. నువ్వు దాన్ని తిరగెయ్యి. రోజుకి రెండు మూడు బస్సులే వెళ్లే చివరి ఊరికి పొద్దున్నే బస్సులో వెళ్లిపో, అక్కణ్ణుంచి బస్సులు ఎక్కువగా తిరిగే రోడ్డు వైపు నడు. పొద్దున బస్సు టైం నీకు ముందే తెలుసు, దానికి తగ్గట్టు లేవొచ్చు. సాయంత్రం నువ్వు ఎన్నింటికి కిందికి దిగుతావో నీకే తెలీదు. ఆ తెలీని టైంకి ఎదురుగా గంటకో బస్సు ఉంటే టెన్షన్ ఉండదు. అదే రోజుకి రెండే ఉన్న చోట పది నిమిషాలు ఆలస్యమైతే ఇక ఆ రాత్రి సంగతి ఆలోచించుకోవాల్సిందే. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకున్నా ఈ ఉత్తరం రాసినందుకు నాకు చాలు.

టైం టేబుల్‌లో అంకెల కంటే వాటి పక్కన ఉండే చిన్న చిన్న గుర్తులు చూడు. ఒక చుక్కో, ఒక అక్షరమో ఉంటుంది. కింద వెతికితే ‘బడి ఉన్న రోజుల్లో మాత్రమే’ అనో, ‘ఆదివారం లేదు’ అనో ఉంటుంది. మనం వెళ్లేది సెలవు రోజునే కాబట్టి మనల్ని ముంచేది ఆ గుర్తే. సీజన్ మారినప్పుడు టైములూ మారతాయి. ఫోన్‌లో మ్యాప్ చూపించిన టైం ఒక్కటే నమ్మకు, బస్సు నడిపే సంస్థ పెట్టిన టైం టేబుల్‌తో సరిపోల్చి, దాన్ని ఫొటో తీసి పెట్టుకో. కొండల్లో నెట్‌వర్క్ ఉంటుందని అనుకోవద్దు.

ఇక ఎంతసేపు పడుతుందో అంచనా. స్కాట్లండ్ కొండల్లో తిరిగిన విలియం నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ చాలామంది దాన్నే వాడతారు. ఉజ్జాయింపుగా చెప్పాలంటే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అంటే 12 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు ఉంటే మూడు గంటల లోపు. ఇది ఆగకుండా, అలవాటున్న కాళ్లతో నడిచేవాళ్ల లెక్క. నువ్వు తింటావు, ఫొటోలు తీస్తావు, ఒకసారైనా తప్పు దారిలోకి వెళ్లి వెనక్కి వస్తావు. అందుకే దానికి సగం కలిపి నాలుగున్నర గంటలు అనుకో. నాలుగింటి బస్సు అయితే ఇరవై నిమిషాల ముందే స్టాపులో ఉండాలి, అంటే పదకొండు దాటకుండా నడక మొదలవ్వాలి. మ్యాప్‌లో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) దగ్గర దగ్గరగా కనిపిస్తే అక్కడ వాలు నిటారుగా ఉందని అర్థం. అలాంటి చోట దిగడానికీ టైం పడుతుంది, మోకాళ్లకి పని పడేది అక్కడే.

దారి మధ్యలో ఎక్కడైనా బస్సు రోడ్డు తగులుతుందేమో మ్యాప్‌లో చూసి గుర్తు పెట్టుకో. ఎండ ఎక్కువైనా, బూటు కరిచినా అక్కడ ఆపేసి వచ్చెయ్. మొదట్లో అలాంటి దారులే ఎంచుకో. అక్కడికి చేరేసరికి నువ్వు వేసుకున్న టైం దాటిపోయి ఉంటే, మిగతా సగంలో పరిగెత్తి అందుకుందామని మాత్రం అనుకోకు.

బస్సు ఎక్కగానే ఎక్కడ దిగాలో చెప్పి, ముందు సీట్లలో కూర్చో. దిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగు: ‘తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందండీ?’ పల్లెల్లో చాలా చోట్ల స్టాపు బోర్డు రోడ్డుకి ఒక వైపే ఉంటుంది. అవతలి వైపు వెళ్లే బస్సు కోసం బోర్డు లేని చోటే నిలబడాలి. అది తెలియక బోర్డు కిందే కూర్చుంటే బస్సు ఎదురుగానే వెళ్లిపోతుంది. నువ్వు సాయంత్రం ఎక్కే స్టాపు వేరే ఊళ్లో ఉంటుంది కదా, దాని సంగతి కూడా డ్రైవర్‌నే అడిగి చూడు, ఆ రూట్‌లోనూ తిరిగే మనిషి అయితే చెప్తాడు. బస్సు వస్తుంటే మొహమాటపడకుండా చెయ్యి బాగా పైకెత్తు. మసక చీకట్లో అయితే టార్చి నీ బట్టల మీద వేసుకో, డ్రైవర్ కళ్లలోకి కొట్టకు.

సామాను గురించి పెద్దగా చెప్పను, షాపుల వాళ్లు ఎలాగూ చెప్తారు. కొత్త బూట్లు మాత్రం ఇంటి చుట్టుపక్కల వారం రోజులైనా వేసుకుని తిరిగాకే తీసుకెళ్లు. మడమ దగ్గర కాస్త చురుక్కుమనగానే ఆగి, సాక్సు విప్పి టేపు వెయ్యి. బొబ్బ లేచాక వేస్తే లాభం లేదు. నీళ్లు గంటకి అర లీటరు లెక్కన, ఎండలో ఇంకా ఎక్కువ. మామూలు నడక అయినా హెడ్‌ల్యాంప్ (నుదుటికి కట్టుకునే టార్చి) ఉండాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, సిగ్నల్ కోసం వెతుకులాటలోనే బ్యాటరీ అయిపోతుంది. ఒక ప్లాస్టిక్ కవరు, పొడి సాక్సులు అడుగున పడెయ్. బురద బూట్లు కవరులో పెట్టి, చెప్పులు వేసుకుని బస్సెక్కితే పక్కవాళ్లు మొహం చిట్లించరు. (నాకు బురద కాళ్లతో సీట్ల మీద కాళ్లు పెట్టే ట్రెక్కర్లంటే ఒళ్లు మంట.)

పొద్దు ఎంత ఉందో తెలియాలంటే చెయ్యి బారుగా చాపి, సూర్యుడికీ నేల అంచుకీ మధ్య వేళ్లు అడ్డంగా పెట్టి చూడు. ఒక్కో వేలుకి సుమారు పావుగంట. కానీ లోయలో ఉంటే కొండ అడ్డొచ్చి నీడ ముందే పడుతుంది, అది లెక్కలో వేసుకో. ఉరుముల సంగతి మాత్రం అంచనాలకి వదలకు. మెరుపు మెరిశాక ముప్పై లెక్కపెట్టే లోపు ఉరుము వినపడితే శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద ఉండొద్దు, వెంటనే కిందికి దిగు. దగ్గర్లో గట్టి భవనమో ఆగి ఉన్న కారో దొరికితే లోపలికి వెళ్లు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి వెళ్లే ఆలోచన పెట్టుకోకు. ఆ బస్సు పోతే పోయింది.

పొలాల మధ్య నుంచి వెళ్లేటప్పుడు గట్టు మీదే ఒకరి వెనక ఒకరు నడవండి. గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూసెయ్యి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్. దూడ ఉన్న ఆవుకీ దూడకీ మధ్యలోకి పోవద్దు. ఫుట్‌పాత్ లేని తారు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బళ్లు కనపడే వైపున నడు.

ఒంటరిగా వెళ్లినా తప్పులేదు, కానీ ఎక్కడ దిగుతున్నావు, ఎక్కడ ఎక్కుతావు, ఏ బస్సుకి అన్నది ఇంట్లో ఎవరికో ఒకరికి రాసిచ్చి వెళ్లు. ఫలానా టైంకి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయి. విజిల్ ఒకటి మెడలో ఉంచుకో. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. దగ్గర్లోని ఊరి టాక్సీ నంబరు, కొంచెం నగదు కూడా దగ్గర ఉంచుకో. చివరి బస్సూ తప్పితే చీకట్లో తెలియని రోడ్డు పట్టుకుని నడవడం కంటే ఆ డబ్బు ఖర్చు పెట్టడమే నయం.

మొదటిసారికి ఎనిమిది కిలోమీటర్లు దాటని దారి ఒకటి చూసి, ప్లాన్ కాగితం మీద రాసి నాకు ఫొటో పంపు. తిరుగు బస్సు టైం పైన రాయి, నేను చూసేది ముందు దాన్నే.

ఉంటాను,
పెద్దమ్మ