వైర్‌లెస్ లేని లోకంలో డ్రైవర్ లేని బండి ఎలా నడుస్తుంది?

ప్రశ్న: మా రోల్‌ప్లేయింగ్ గేమ్ 2090 నాటి కర్నూలులో జరుగుతుంది. ఆ లోకంలో వైర్‌లెస్ అన్నదే లేదు. మరి డ్రైవర్ లేని బండ్లు ఎలా నడుస్తాయి?

జవాబు: నడవడానికి వైర్‌లెస్ అక్కర్లేదు. కెమెరాలు, లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం) చుట్టుపక్కల చూస్తాయి. బ్రేకు ఎప్పుడు వేయాలో బండిలోని కంప్యూటరే తేల్చుకుంటుంది. 2005లో అమెరికాలోని మొజావే ఎడారిలో దాదాపు 212 కిలోమీటర్ల పోటీని స్టాన్లీ అనే కారు రిమోట్ లేకుండానే గెలిచింది. కాకపోతే దానికి జీపీఎస్ ఉంది; అది ఉపగ్రహాల వైర్‌లెస్ సంకేతాలతోనే పనిచేస్తుంది, కాబట్టి మీ లోకంలో ఉండదు.

అసలు చిక్కు అదే: తానెక్కడున్నదో బండికి తెలియాలి. చక్రాల తిరుగుళ్లు లెక్కపెట్టుకుంటూ పోతే తేడా కొంచెం కొంచెంగా పోగవుతుంది. ఒక్క శాతమే అనుకున్నా, 100 కిలోమీటర్లకు ఒక కిలోమీటరు!

అందుకే రోడ్డులోనే గుర్తులు పాతండి. 1997లో శాన్ డియేగో దగ్గర హైవేలో 1.2 మీటర్లకొకటి చొప్పున అయస్కాంతాలు పాతి, కార్లు లేన్ తప్పకుండా వాటంతటవే నడిచేలా చేసి చూపించారు. డోన్ వైపు హైవే మీద మీరూ అదే పెట్టొచ్చు. దుమ్ము లేచినా, వాన కొట్టినా అయస్కాంతానికి పట్టదు.

ట్రాఫిక్ కబుర్లా? ఛార్జింగ్ కేబుల్‌తో పాటే కొత్త మ్యాపు ఎక్కుతుంది. రాజ్‌విహార్ దగ్గర పొద్దున తవ్విన గుంత సంగతి బండికి మధ్యాహ్నం ఛార్జింగ్ దాకా తెలియదు. ఆటకు నాకైతే ఇదే మసాలా. రాత్రిపూట దొంగలు అయస్కాంతాలు పెకలించి పక్క డొంకలో పాతి, కెమెరాలకు బురద కొట్టారనుకోండి, బండి బుద్ధిగా డొంకలోకి దిగుతుంది.