గౌను తిరగేసి చూశావా, చెల్లాయ్?

చెల్లాయ్,

నువ్వు పంపిన రివ్యూ రెండుసార్లు చదివాను, ఒకసారి మెట్రోలో, ఒకసారి ఇంటికొచ్చి టీ పెట్టుకుని. భాష బావుంది, పేచీ లేదు. కానీ ఎంత చదివినా ఆ గౌను నా కళ్ళకి కట్టలేదు. డెన్మార్క్ డిజైనర్ సెసీలియ బాన్సెన్ వసంతకాలం కలెక్షన్‌లోంచి నల్ల గౌను అద్దెకు తెచ్చుకుని, రెండు రోజులు గదిలో తగిలించుకుని, చివరికి రాసింది "స్కాండినేవియన్ నిరాడంబరత, అలవోకైన అందం" అనా? ఆ ముక్క ఏ స్వీడన్ కోటుకైనా, ఏ డెన్మార్క్ చెప్పుల జతకైనా అతుకుతుంది. తమాషా ఏమిటంటే, ఈ గౌనుకే అతకదు.

ఎక్కడుంది నిరాడంబరత అందులో? బుట్ట చేతులు, చేతినిండా పట్టేంత కుచ్చులు, అప్పడం పొంగినట్టు బుడగలు బుడగలుగా ఉబ్బిన బట్ట, వీపంతా తెరిచి రిబ్బన్లతో ముడి. మన ఇళ్ళల్లో ఐదేళ్ళ పిల్లకి పుట్టినరోజుకి కుట్టించే బుట్టగౌనుని పెద్దవాళ్ళ కొలతలకి పెంచి, రంగులన్నీ తీసేసి నలుపో తెలుపో మిగిల్చినట్టుంటుంది (ఇది నా మాట, ఆవిడ వింటే ఏమంటుందో). ఆవిడ పారిస్‌లో జాన్ గలియానో అనే డిజైనర్ దగ్గరా, లండన్‌లో ఎర్డెమ్ అనే మరో డిజైనర్ దగ్గరా పనిచేసి, 2015లో కోపెన్‌హాగెన్‌లో సొంత బ్రాండు పెట్టుకుంది. ఆ కుచ్చుల్లో నాకు ఈ ఊరికన్నా పారిస్ ఎక్కువ కనబడుతుంది. నీకు అలా అనిపించకపోతే అదే రాయి, కానీ గౌనులో దేన్ని చూసి అనిపించలేదో కూడా రాయి.

అన్నట్టు, రెండో పేరాలో మరిమెక్కోని కూడా కలిపేశావు. అది ఫిన్లాండ్ బట్టల బ్రాండు. స్కాండినేవియా అంటే మామూలుగా డెన్మార్క్, స్వీడన్, నార్వే; ఫిన్లాండ్‌ని కూడా కలిపి చెప్పాలంటే నార్డిక్ అనాలి. పైగా వాళ్ళకి అంత పేరు తెచ్చిన ఉనిక్కో డిజైను, 1964లో మైయా ఇసోలా వేసిన ఆ పేద్ద గసగసాల పూలు, వీధి చివర నుంచి కనబడతాయి. దాన్ని కూడా నిరాడంబరం అనేశావు!

సరే, నేనేం చేస్తానో చెప్తాను. బట్ట చేతికి రాగానే వేసుకోను, తిరగేస్తాను. టైలర్ దగ్గర్నుంచి జాకెట్టు రాగానే మా అమ్మ చేసే మొదటి పని అదే: లోపల కుట్టు ఎలా ఉంది, రేపు ఒళ్ళొస్తే వదులు చేసుకోడానికి బట్ట వదిలాడా, దారాలు వేలాడుతున్నాయా, ఆ తర్వాతే పైపై అందం. ఐరోపాలో అమ్మే బట్టకి ఏ రకం పోగు ఎంత శాతమో లేబుల్ మీద ఉండి తీరాలి, చట్టం ఉంది, కాబట్టి "మెత్తటి కాటన్‌లా ఉంది" అని రాయకుండా లేబుల్ చూసి రాయి. తర్వాత మోచేతులు ఎత్తు, కూర్చో, లే. నడిస్తే ఆ గౌను చప్పుడు చేస్తుందా? కుర్చీలో గంట కూర్చుంటే వెనక ఆ బుడగలు అణిగిపోయాయా, మళ్ళీ లేచాయా? వెయ్యి యూరోలు దాటే గౌనులో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఇస్త్రీపెట్టె గట్టిగా ఆనిస్తే ఆ ఉబ్బు పోతుంది. వీపు మీద రిబ్బను ఒక్కదానివే కట్టుకోగలిగావా, పక్క గది అమ్మాయిని పిలిచావా? ఒంటరిగా ఉండేవాళ్ళకి అది పెద్ద ప్రశ్న. నీ రివ్యూలో దాని ఊసే లేదు.

ఇక సైకిల్. కోపెన్‌హాగెన్ బట్టల మీద రాస్తూ సైకిల్ ఎక్కకపోతే ఎలా? ఈ ఊళ్ళో చాలామంది ఆఫీసుకీ, పెళ్ళికీ దాని మీదే పోతారు. చున్నీ చక్రంలో పడుతుంది, చూసుకో అని చిన్నప్పట్నుంచీ చెప్పించుకున్నవాళ్ళం, ఇది మనకి ఒకరు నేర్పాలా? లూయీస్ రాణి వంతెన మీద ఎదురుగాలికి ఆ గౌను గొడుగులా లేస్తుందా, అంచు చైన్‌కి తగులుతుందా, ఒక చేత్తో పట్టుకుని తొక్కాల్సి వచ్చిందా, ఆ నాలుగు వాక్యాలు నీ పేజీ మొత్తం కన్నా బరువు తూగుతాయి.

సీజన్ సంగతి కూడా. వసంతం, వేసవి బట్టలు షోలో కనబడిన నాలుగైదు నెలలకి గానీ దుకాణానికి రావు. వచ్చేసరికి ఇక్కడ జనవరో ఫిబ్రవరో, బయట సున్నా దగ్గర చలి, సాయంత్రం పెందలాడే చీకటి. వీపు తెరిచిన పల్చటి గౌను ఆ నెలలో కొన్నవాళ్ళు మే దాకా బీరువాలో దాచుకోవాలా? స్టైలింగ్ అంటే దీనికి జవాబు చెప్పడమే. లోపల మెడ దాకా ఉండే ఊలు స్వెటర్, కింద జీన్సు, కాళ్ళకి స్నీకర్లు. అదేమీ తప్పు కాదు, ఆ డిజైనరే షోల్లో గౌన్ల కింద స్నీకర్లు వేయిస్తుంది, బూట్ల కంపెనీ ఆసిక్స్‌తో కలిసి పూలు కుట్టిన జతలు కూడా చేసింది.

నీ ఫొటోలో పోచంపల్లి దుపట్టా మాత్రం తీసేయ్. మనవాళ్ళకి నచ్చుతుందని కప్పుకున్నావు, తెలుసు, విడిగా చూస్తే దుపట్టా అద్భుతం. కానీ ఆ గౌను పనితనమంతా బట్ట ఉబ్బులోనూ వీపు మీద ముడిలోనూ ఉంది. ముడిని కప్పేశావు, రంగుల పక్కన పెట్టి ఆ ఉబ్బుని కనబడకుండా చేశావు.

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ నేర్చుకున్నాననుకోకు. మొదట్లో ఒక కోటు గురించి (బ్రాండు పేరెందుకులే) "దుప్పటి కప్పుకున్నంత వెచ్చన" అని రాశాను. వేసుకుని చూసింది హీటర్ నడుస్తున్న షోరూమ్‌లో, అదీ పది నిమిషాలు. నా మాట నమ్మి కొన్న ఒకావిడ జనవరిలో మెయిల్ పెట్టింది: బస్టాప్‌లో బొత్తాల సందుల్లోంచి గాలి దూరుతోందండీ, మీరు దీన్ని బయట వేసుకుని చూశారా? జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. కోటు తప్పేం లేదు, అది శరత్కాలం కోటు. అప్పట్నుంచీ ఏ బట్ట అయినా ఒక పూట బయట తిప్పందే అక్షరం రాయను.

ఇంకొక్కటి. అద్దెకు తెచ్చుకున్నానని మొదటి వాక్యంలోనే చెప్పు, ఎంతకో కూడా. రేపు ఎవరైనా ఊరికే పంపినా, డబ్బులిచ్చి రాయమన్నా, అదీ పైనే చెప్పాలి. డెన్మార్క్‌లో ప్రకటనని దాచిపెట్టి రాస్తే చట్టం ఊరుకోదు.

గౌను శుక్రవారం తిరిగి ఇచ్చేయాలన్నావు కదా, ఇంకా రెండు రోజులుంది. రేపు పొద్దున స్వెటర్ మీద వేసుకుని వంతెన దాకా తొక్కి రా, పాత డ్రాఫ్ట్ తెరవకుండా మొదట్నుంచి రాయి. అంచుకి గ్రీజు అంటకుండా చూసుకో, డిపాజిట్ పోతుంది.

అక్క