గోవా ఎన్నికలకు పోతున్న పాపకు

పాపా,

మీ ఆఫీసువాళ్లు నిన్ను గోవా అసెంబ్లీ ఎన్నికలు రాయడానికి పంపిస్తా ఉండారని మీ నాయన చెప్పినాడు. నలభై సీట్లే కదా, పది రోజుల్లో చుట్టేసి వస్తానన్నావంట. చుట్టడానికి పది రోజులు చాలు. అంతు పట్టడమే కష్టం. చిత్తూరులో విలేకరిగా తల నెరిసినోణ్ణి, నాకు తోచింది చెప్తా.

ముందు మన లెక్కలు ఇక్కడే వదిలేసి పో. తిరుపతి ఒక్క నియోజకవర్గంలోనే రెండున్నర లక్షలకు పైన ఓటర్లుండారు. అందుకే మనం గాలి అంటాం, కులాల లెక్కలేస్తాం. 2022లో గోవా మొత్తానికి ఓటర్లు పదకొండు లక్షల చిల్లర, సీటుకు సగటున ముప్ఫై వేల లోపే. అభ్యర్థి ప్రతి గడపా తొక్కగలడు. ఆ ఏడు సెయింట్ ఆండ్రేలో రివల్యూషనరీ గోవన్స్ పార్టీ గెలిచింది 76 ఓట్లతో. ముఖ్యమంత్రి ప్రమోద్ సావంత్ సాంక్విలిమ్‌లో గట్టెక్కింది 666తో. పణజీలో మాజీ ముఖ్యమంత్రి మనోహర్ పరికర్ కొడుకు ఉత్పల్ ఇండిపెండెంటుగా నిలబడి 716 తేడాతో ఓడిపోయినాడు. మన దగ్గరైతే ఒక పెద్ద పోలింగ్ బూతులో తేలిపోయే ఓట్లివి. ఫలానా పార్టీ ఊపు మీదుందని ఎవరన్నా చెప్తే విను, రాయొద్దు. ఏ సీటుకా సీటు విడిగా చూడు. బయల్దేరేలోపే ఎన్నికల సంఘం సైటులో పోయినసారి బూతువారీ లెక్కలు దించుకో. పార్టీల ప్రెస్ మీట్లు ఒకటి రెండు తప్పినా ఏం మునిగిపోదు.

బీచ్ పక్క హోటల్లో దిగొద్దు. అక్కడ నీకు దొరికేది టూరిస్టులూ, వాళ్లకు నచ్చేట్టు మాట్లాడే టాక్సీవాళ్లూ. పొద్దున్నే సైకిల్ మీద రొట్టెలమ్మే పొదేర్‌ని, చేపల మార్కెట్లో ఆడవాళ్లని పలకరించు. అదే చోటికి రెండోసారి పో. మొదటిసారి చెప్పింది మర్యాదకు, రెండోసారి చెప్పేది అసలు సంగతి.

ఇంక ముఖ్యమైంది. కౌంటింగుతో ఎన్నిక అయిపోయిందనుకోవద్దు. 2017లో కాంగ్రెస్‌కు 17 వచ్చినాయి, బీజేపీకి 13. పెద్ద పార్టీ మేమేనని కాంగ్రెస్‌వాళ్లు అనుకునేలోపే ఢిల్లీలో రక్షణ మంత్రిగా ఉన్న పరికర్ వచ్చి, చిన్న పార్టీలనూ ఇండిపెండెంట్లనూ కూడగట్టుకుని, ఫలితాలొచ్చిన మూడో రోజుకే ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినాడు. ఫిరాయింపుల చట్టంలో ఒక పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండొంతులు కలిసి ఇంకో పార్టీలోకి పోతే సభ్యత్వం పోకుండా విలీనమనే దారి ఉంది కదా, చిన్న సభలో ఆ రెండొంతులు ఒక్క వ్యాన్‌లో పడతారు. 2019లో కాంగ్రెస్‌కు అప్పటికి మిగిలిన పదిహేను మందిలో పది మంది బీజేపీలోకి పోయినారు. 2022 ఎన్నికల ముందు, ఈసారి అట్ల కాకూడదని కాంగ్రెస్‌వాళ్లు తమ అభ్యర్థులను గుడికీ, చర్చికీ, దర్గాకీ తీసకపోయి ఒట్టు వేయించినారు. గెలిచింది పదకొండు మంది. సెప్టెంబరు వచ్చేసరికి ఎనిమిది మంది బీజేపీలో ఉండారు. మన కాణిపాకంలో ప్రమాణం చెయ్యమంటే ఇప్పటికీ వెనకాడేవాళ్లుండారు, అక్కడ మూడు మతాల దేవుళ్లూ చాల్లేదు!

కాబట్టి ప్రతి అభ్యర్థి పోయిన రెండు ఎన్నికల్లో ఏ గుర్తు మీద నిలబడినాడో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో. పార్టీ పేరు కన్నా ఆ పట్టికే నీకు పనికొస్తుంది. ఫలితాల రోజు రాత్రి గెలిచిన ఇండిపెండెంట్లు ఎవరి ఇంటికి పోయినారో కనుక్కో. ముందుగానే వాళ్ల డ్రైవర్ల నంబర్లు సంపాదించు, నాయకుల ఫోన్లు ఆ రాత్రి పలకవు.

తిరుపతిలో హరిప్రియ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి కర్ణాటకలోని లోండా దాకా పోయి బండి మారొచ్చు, బస్సు కన్నా ఒళ్లు నొప్పులు తక్కువ. తిరుగు టికెట్ మాత్రం కౌంటింగు మర్నాటికి చేయించొద్దు. ఇంకో వారం ఉంటానని ఎడిటరుకు ఇప్పుడే చెప్పు. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతా.

మీ పెదనాయన,
చిత్తూరు